ఉప్పు వేసిన వేరుసెనగపప్పు

వేరుసెనగపప్పు దోరగా వేయించి, ఉప్పునీళ్ళు చిలకరించి, పళ్ళెంలో పోసి ముందు పెడితే, రెండు గింజలు నోట్లో వేసుకుని లేచిపోయిన మహానుభావుణ్ణి నేనింతవరకూ చూడలేదు. "చాలండీ, చాలు" అంటూనే ఉంటాం, చెయ్యి మాత్రం దానంతటది పళ్ళెంలోకి వెళ్ళిపోతుంది. కబుర్లు ముగిసేసరికి పళ్ళెంలో ఉప్పూ పొట్టూ మిగులుతాయి. ఇది మన వీధి అరుగులకు సంబంధించిన సత్యమే అనుకునేవాణ్ణి చాలాకాలం. కాదట. అమెరికా అధ్యక్షుడికి అందిన ఒక రహస్యపు నోటులో కూడా ఈ పప్పు ప్రస్తావన ఉంది.

1969 సెప్టెంబరు 10న హెన్రీ కిసింజర్, అధ్యక్షుడు నిక్సన్‌కి ఆ నోటు రాశాడు. వియత్నాం నుంచి మనవాళ్ళను విడతలు విడతలుగా ఇంటికి రప్పించడం మొదలెట్టాం గదా, ఇది జనానికి ఉప్పు వేరుసెనగపప్పు లాగ తయారవుతుంది, ఎంతమంది వస్తే ఇంకా అంతమంది రావాలంటారు - ఇదీ అందులో ఒక మాట. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఉపమానం భేషుగ్గా కుదిరింది. కాకపోతే కొడుకు ఇంటికి రావాలని తల్లి కోరుకోవడాన్ని చిరుతిండి యావ కింద జమ కట్టడానికి ఎంత చదువు కావాలో గదా అనిపిస్తుంది.

అసలు అంత దూరం ఎలా వెళ్ళారంటే, ఎవరూ పెద్దగా అడ్డు చెప్పకుండానే వెళ్ళారు. 1964 ఆగస్టులో టాంకిన్ సింధుశాఖ దగ్గర తమ ఓడలమీద దాడి జరిగిందని చెప్పి, అధ్యక్షుడు జాన్సన్ కాంగ్రెసు దగ్గర సర్వాధికారాలూ పుచ్చుకున్నాడు. దిగువ సభలో 416 ఓట్లు అనుకూలం, వ్యతిరేకం సున్నా. సెనేటులో 88 మంది సరేనన్నారు, ఇద్దరు ససేమిరా అన్నారు. ఒరెగాన్‌కి చెందిన మోర్స్, అలాస్కాకి చెందిన గ్రూనింగ్. 1968లో ఆ ఇద్దరూ పదవులు పోగొట్టుకున్నారు. ముందుగా నిజం చెప్పినవాడికి దక్కే సన్మానం ఏ దేశంలోనైనా ఇలాగే ఉంటుంది కాబోలు.

ఆ తీర్మానాన్ని సెనేటులో దగ్గరుండి గట్టెక్కించిన పెద్దమనిషి ఫుల్‌బ్రైట్. ఆయనే తరవాత నాలిక కరుచుకుని, 1966 ఫిబ్రవరిలో తన విదేశాంగ సంఘం ముందు ఈ యుద్ధం మీద బహిరంగ విచారణ పెట్టాడు. టెలివిజన్‌వాళ్ళు చూపించారు. జార్జి కెన్నన్ లాంటి అనుభవజ్ఞుడైన దౌత్యవేత్త వచ్చి, ఈ యుద్ధం మనకు అక్కర్లేనిదని సౌమ్యంగా చెబుతున్న రోజున సీబీఎస్ కంపెనీ దాన్ని వదిలేసి 'ఐ లవ్ లూసీ' అనే పాత హాస్యనాటికని మళ్ళీ వేసింది. ఆ కంపెనీ వార్తావిభాగం అధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ ఆ కోపాన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. ఆ ఏడే వెర్మాంట్ సెనేటరు ఎయికెన్ ఒక ఉపాయం చెప్పాడు. మనం గెలిచామని మనమే ప్రకటించుకుని బలగాలు తగ్గించుకోవచ్చు గదా అని దాని తాత్పర్యం. అందరూ నవ్వుకున్నారు. ముసలాయన వేళాకోళమాడలేదని అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది.

మన పల్లెటూళ్ళలో గట్టు తగాదాలు మీరెరుగుదురు. రెండు బారల నేలకోసం కోర్టుకెక్కి, ఆ ఖర్చుకి నాలుగెకరాలు అమ్ముకున్నవాడు కూడా రాజీకి ఒప్పుకోడు. "ఇంత పెట్టాక ఇప్పుడు ఒదులుకుంటే పెట్టిందంతా గంగలో పోసినట్టేనా?" అంటాడు. వాషింగ్టన్‌లో వినిపించిన వాదన అచ్చంగా ఇదే. ఇప్పుడు వచ్చేస్తే, ఇంతవరకూ పోయినవాళ్ళు ఊరికే పోయినట్టు కాదా? అందుకని మరి కొంతమంది పోయారు.

విచిత్రమేమిటంటే, 1969 నాటికి బయటపడాలన్నదాంట్లో పేచీ లేదు. ఆ ఏప్రిల్లో అక్కడ 5,43,000 మంది అమెరికన్ సైనికులున్నారు. జూన్‌లో నిక్సన్ మొదటి విడతగా 25 వేలమందిని రప్పిస్తానన్నాడు. తగువల్లా ఎప్పుడు, ఎలా అన్నదాని మీదే. పరువుతో రావాలని ప్రభుత్వం. ప్రాణాలతో రావాలని ఎదుటి పక్షం. అదే నెలలో 'లైఫ్' పత్రిక, ఒక్క వారంలో చనిపోయిన 242 మందిలో దొరికినంతమంది ఫొటోలు పేజీల నిండా అచ్చేసింది. వ్యాఖ్యానం పెద్దగా లేదు. అందరూ కాలేజీ ఆల్బంలో కుర్రాళ్ళలాగే ఉన్నారు.

నవంబరు 3న నిక్సన్ టెలివిజన్ మీదికి వచ్చి, నోరెత్తని అధికసంఖ్యాకులు నా వైపున్నారు, వాళ్ళ మద్దతు కావాలన్నాడు. తంతులు గుట్టలు పడ్డాయి. పది రోజులు తిరక్కుండా ఇంకో దృశ్యం. ఆర్లింగ్టన్ శ్మశానం నుంచి ఒకరి వెనక ఒకరు, ఒక్కొక్కరూ చనిపోయిన ఒక్కో సైనికుడి పేరు రాసిన అట్ట మెళ్ళో వేసుకుని, రాత్రీ పగలూ నడిచారు. అధ్యక్షుడి భవనం ముందుకు రాగానే ఆ పేరు గట్టిగా పలికి ముందుకు సాగడం. చివర శాసనసభా భవనం దగ్గర ఆ అట్టల్ని శవపేటికల్లో పెట్టడం. నినాదాలకంటే ఆ పేర్లే ఎక్కువ వినిపించి ఉంటాయి.

1970 మే 4న కెంట్‌లో సైనికుల తుపాకులకు నలుగురు విద్యార్థులు బలయ్యారు. నాలుగు రోజులకు న్యూయార్కులో భవన నిర్మాణ కార్మికులు ఊరేగే కుర్రాళ్ళను చితకబాదారు. వాళ్ళను తిట్టిపోయడం తేలిక. అప్పట్లో కాలేజీలో చేరితే సైన్యానికి వెళ్ళడం వాయిదా పడేది. తాపీపనివాడి కొడుక్కి ఆ సదుపాయం తక్కువ. కొడుకు అక్కడుంటే ఇక్కడ జెండా తగలబెడితే ఆ తండ్రికెలా ఉంటుంది?

ఆ సెప్టెంబరు 1న సెనేటులో మెక్‌గవర్న్ లేచాడు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానం నడిపిన మనిషి. 1971 ఆఖరుకల్లా అందర్నీ రప్పించాలన్నది ఆయనా, హాట్‌ఫీల్డ్ కలిసి తెచ్చిన సవరణ. ఈ సభలో ప్రతి ఒక్కరికీ యాభైవేలమంది చావులో పాలుంది, ఈ గది నెత్తురు వాసన కొడుతోంది అన్నాడు. నొచ్చుకున్నానని తరవాత ఒక సభ్యుడంటే, నేను కోరిందీ అదే అన్నాడట. సవరణ 55-39తో వీగిపోయింది. మరుసటేడు ఏప్రిల్ 22న, వియత్నాంలో పోరాడి వచ్చిన జాన్ కెర్రీ, ఇరవైయేడేళ్ళవాడు, ఫుల్‌బ్రైట్ సంఘం ముందు కూచుని, పొరపాటు పనికోసం ఆఖరున చచ్చిపొమ్మని ఎవర్ని అడుగుతారండీ అన్నాడు. జవాబు చెప్పగలిగినవాడు అక్కడ లేడు.

అవతలివాళ్ళ భయం ఒట్టిది కాదని కూడా చెప్పాలి. మనల్ని నమ్ముకున్న సైగాన్‌వాళ్ళ గతేమిటి, బందీలుగా ఉన్న పైలట్ల గతేమిటి అని అడిగారు. బందీలు 1973లో ఇళ్ళకు చేరారు. సైగాన్‌వాళ్ళు మాత్రం 1975 తరవాత నిర్బంధ శిబిరాల పాలయ్యారు, చిన్న పడవల్లో సముద్రంమీద పడ్డారు. అయితే ఆ నాలుగేళ్ళు ఆగినందువల్ల వాళ్ళ రాత మారిందా అంటే, మారలేదు. ఉభయపక్షాల సేనలూ కదలాలని 1969లో పట్టుపట్టినవాళ్ళు, 1973 జనవరి 27న పారిస్‌లో సంతకం పెట్టేనాటికి ఉత్తర వియత్నాం సేనల్ని దక్షిణాదిలో ఉన్నచోటే ఉండనిచ్చారు. మార్చి 29న అమెరికన్ యుద్ధదళాలు వెళ్ళిపోయాయి. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది.

వాషింగ్టన్‌లో 1982లో ఒక నల్లరాతి గోడ కట్టారు. మాయా లిన్ అనే విద్యార్థిని గీసిన నమూనా. 58 వేలకు పైగా పేర్లున్నాయి. హోదాలు లేవు, అక్షరక్రమం లేదు. చనిపోయిన తేదీల వరసలో చెక్కారు. వియత్నాం మనుషుల పేర్లు అందులో లేవు. లక్షల్లో పోయినవాళ్ళకి అంత గోడ ఎక్కడ సరిపోతుంది! గోడ రెండు రెక్కలుగా ఉంటుంది. మధ్యలో, రెక్కలు కలిసేచోట మొదటి పేర్లు. అక్కణ్ణుంచి కుడివైపు చివరిదాకా వెళ్ళి, మళ్ళీ ఎడమ కొసనుంచి మొదలై మధ్యకు వస్తాయి. నిక్సన్ పదవిలోకి వచ్చిన 1969 జనవరి ఆ ఎడమ రెక్కలోనే ఎక్కడో ఉంది. అక్కడ నిలబడి మధ్యదాకా చదువుకుంటూ నడిస్తే ఇరవైవేలకు పైగా పేర్లొస్తాయి. కెర్రీ అడిగిన ఆఖరి మనిషి, మొదట పోయినవాళ్ళ పక్కనే ఉంటాడు.