అప్పారావులు ఏ అక్షరం కింద? కాటలాగు ప్రమాణాలకు ఒక నూజివీడు పరీక్ష

ఆగిరిపల్లికి సంబంధించిన పుస్తకమేదైనా గ్రంథాలయానికి వస్తే అది మూడు విషయాల్లో ఒకదాని గురించి అయ్యే అవకాశం ఎక్కువ. శోభనాచలం మీది నరసింహస్వామి స్థలపురాణం, మామిడి సాగు, లేదంటే నూజివీడు జమీందారీ చరిత్ర. ఈ మూడూ కాటలాగర్ బల్ల మీదికి చేరితే ఆయన చేతిలో ఉన్న నియమావళులు, పట్టికలు ఎక్కడిదాకా తోడొస్తాయి, ఎక్కడ వదిలేస్తాయి అన్నది ఇక్కడ ప్రశ్న. ఇది గ్రంథాలయాల సర్వే కాదు. అచ్చులో ఉన్న నియమాలను ఈ ప్రాంతపు పేర్ల మీద పెట్టి చూడడమే. కాబట్టి తేలే ఫలితం కూడా నియమాలకు సంబంధించిందే తప్ప ఫలానా గ్రంథాలయం పనితీరుకు సంబంధించింది కాదు.

వర్గీకరణతో పెద్ద పేచీ లేదు. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిలో మామిడికి 634.44 ఉంది. దానికి ప్రాంతాన్ని సూచించే 09, ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన 5484 కలిపితే 634.44095484 అవుతుంది. హిందూ పుణ్యక్షేత్రాల సంఖ్య 294.535, దాని చివరా అవే అంకెలు చేర్చవచ్చు. ఇంత పొడుగు సంఖ్య పుస్తకం వెన్నుమీద పట్టదనుకునే చిన్న గ్రంథాలయం 634.44 దగ్గరే ఆపేసినా నష్టం లేదు. అసలు కొరత వేరే ఉంది. సంఖ్య ఎంత పొడుగైనా చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి అన్న తేడా అందులో కనిపించదు. రైతు అడిగేది మాత్రం రకం పేరుతోనే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపే అగ్రోవాక్ పదకోశంలో తెలుగు కూడా ఒక భాషగా ఉంది. విషయ శీర్షికల కోసం మొదట అక్కడ చూడడం మంచిదే. కానీ రకాల పేర్లకు మాత్రం స్థానికంగా ఒక పట్టిక తయారు చేసుకోక తప్పదు. నూజివీడులోనే ఉద్యాన విశ్వవిద్యాలయం వారి మామిడి పరిశోధన స్థానం ఉంది కనుక ఆ పట్టికకు ఆధారం వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు.

ఊరి పేరు దగ్గర చిక్కు కొంచెం పెరుగుతుంది. ఆగిరిపల్లి 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. అంతకుముందు మాటకొస్తే, 1925లో పశ్చిమగోదావరి ఏర్పడేదాకా ఏలూరే కొంతకాలం కృష్ణా జిల్లాలో ఉంది. ఇక రాష్ట్రమంటారా, మద్రాసు ప్రెసిడెన్సీ, 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో విభజన. ప్రచురణ వివరాలు రాసేటప్పుడు అంతర్జాతీయ గ్రంథ వివరణ ప్రమాణం చెప్పేది సూటిగానే ఉంటుంది: పుస్తకం మీద ఎలా ఉంటే అలాగే దించు. పాత పుస్తకం మీద ‘కిష్ణా జిల్లా’ అని ఉంటే దాన్ని దిద్దకూడదు. శీర్షికగా వాడే ఊరి పేరుకు మాత్రం ఒకే రూపం నిలపాలి. ఆంగ్లో అమెరికన్ నియమావళి రెండో కూర్పు, అంటే 1978 నాటి ఏఏసీఆర్2, మన దేశపు ఊళ్లకు జిల్లా పేరు కాకుండా దేశం పేరు జోడించమంది. అమెరికా పట్టణాలకు రాష్ట్రం పేరు ఇచ్చి మనకు దేశంతో సరిపెట్టారని చిన్నచూపుగా తోచవచ్చు. కానీ జిల్లాల పునర్విభజనలప్పుడు అదే కలిసొచ్చింది. జిల్లా పేరు పెట్టుకున్న స్థానిక కాటలాగుల్లో 2022 తర్వాత శీర్షికలు దిద్దాల్సి వస్తుంది, దేశం పేరు పెట్టుకున్నవాటికి ఆ శ్రమ లేదు.

మనుషుల పేర్ల దగ్గర మాత్రం నియమాలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి.

ఎస్.ఆర్. రంగనాథన్ వర్గీకృత కాటలాగు నియమావళి 1934లో మద్రాసులో వెలువడింది. ఆధునిక హిందూ పేర్లకు అందులోని నియమం స్థూలంగా ఇది: పేరులో చివరి ప్రధాన పదాన్ని ముందుకు తెచ్చి, మిగతా పదాలను, పొడి అక్షరాలను దాని వెనక పెట్టాలి. దక్షిణాది పేర్లకు ఒక మినహాయింపు ఉంది. చివరి పదం కేవలం కులాన్ని సూచించేదై, దాని ముందు పదం పూర్తిగా రాసి ఉంటే, ఆ రెండూ కలిపి ముందుకు రావాలి. ఈ నియమానికి షణ్ముఖం చెట్టి చక్కగా ఒదుగుతారు. సి.వి. రామన్‌తోనూ ఇబ్బంది లేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ‘రాధాకృష్ణన్’ దగ్గర దొరుకుతారు. ఇంగ్లీషులో ఎస్. రాధాకృష్ణన్‌గానే ఎరిగిన పాఠకుడు అక్కడే వెతుకుతాడు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ శీర్షిక కూడా రాధాకృష్ణన్‌తోనే మొదలవుతుంది, సర్వేపల్లి కుండలీకరణాల్లోకి వెళ్లింది.

ఇప్పుడు అదే నియమంతో నూజివీడు వద్దాం. మేకా వారి జమీందారీలో ధర్మ అప్పారావు, శోభనాద్రి అప్పారావు, వెంకటాద్రి అప్పారావు. తరం మారినా చివరి పదం మారదు. ఆ వంశం నుంచే వచ్చి శాసనసభ్యుడిగా, మంత్రిగా, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పనిచేసిన మేకా రంగయ్య అప్పారావుదీ అదే వరస. చివరి పదమే ముందుకు రావాలంటే వీళ్లందరూ ‘అప్పారావు’ అనే ఒకే గూట్లో, విజయనగరం గురజాడ అప్పారావు పక్కనే కూర్చుంటారు. కులపదం మినహాయింపు ఇక్కడ పనికిరాదు, అప్పారావు కులం పేరు కాదు కనుక. పుట్టిన సంవత్సరం చేర్చి ఒక్కొక్కరినీ విడదీయవచ్చు, నియమావళిలో అందుకు వీలుంది. అయితే వంశం పేరు పట్టుకుని వెతికేవాడికి ఆ తేదీలు ఏం ఉపయోగం?

రంగనాథన్ పేరులో షియాళి ఊరు, రామామృత తండ్రి పేరు, రంగనాథన్ సొంత పేరు. తమిళనాట ఈ అమరిక సర్వసాధారణం. అక్కడ చివరి పదాన్ని పట్టుకోవడం సబబే. తెలుగువారి పేరులో ముందు నిలిచేది ఇంటిపేరు, తరతరాలుగా వచ్చేది. కనుక ఈ నియమం తమిళ పేర్ల అలవాటు నుంచి పుట్టిందని అనుకోవడానికి ఆస్కారముంది. ఇది నా ఊహే, రంగనాథన్ అలా రాశారని కాదు. విశ్వనాథ సత్యనారాయణ విషయంలో ఈ బాధ ఇంకా స్పష్టం. ఇంటిపేరే మనిషి పేరులా వినిపిస్తుంది. తెలియని కాటలాగర్ అడ్డంగా దొరికిపోయే చోటు అదే.

ఏఏసీఆర్2లో కన్నడ, మలయాళ, తమిళ, తెలుగు పేర్లను ఒకే ఉపనియమంలో కట్టేశారు: ఇంటిపేరు గానీ, ఇంటిపేరుగా వాడింది గానీ లేకపోతే సొంత పేరు కింద ప్రవేశపెట్టు. నాలుగు భాషలను ఒక గాటన కట్టడం మొరటు పనే అయినా, ‘లేకపోతే’ అన్న షరతు తెలుగువారిని కాపాడుతుంది. మనకు ఇంటిపేరు ఉంది కాబట్టి ఆ షరతు మనకు సాధారణంగా వర్తించదు, మేకా వారు ‘మేకా’ దగ్గరికే చేరతారు. దాని తర్వాత 2010లో వచ్చిన ఆర్‌డీఏ నియమావళి భారతీయ పేర్ల సంగతిని అనుబంధంలోకి మార్చింది. అయితే షరతు పనిచేయాలంటే ఏది ఇంటిపేరో కాటలాగర్‌కు తెలియాలి. ఇంగ్లీషు పుస్తకం మీద ‘ఎం.ఆర్. అప్పారావు’ అని మాత్రమే ఉంటే ‘ఎం’ మేకా అని నియమావళి చెప్పదు, ఆధార గ్రంథం చెప్పాలి. కోర్టు నివేదికల్లో ఇంకో తలనొప్పి. ప్రివీ కౌన్సిల్ దాకా నడిచిన నూజివీడు ఆస్తి వివాదాల్లో ‘రావు’ను ‘రౌ’ అనిపించే స్పెల్లింగుతో అచ్చువేశారు, అదీ రెండు ముక్కలుగా విడదీసి.

ఆధార గ్రంథాలు మనకు బొత్తిగా లేవనడం సరికాదు. 1912లో ఎల్.డి. బార్నెట్ కూర్చిన బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాల సూచిక ఉంది. 1901–1953 మధ్య వచ్చిన భారతీయ సాహిత్యానికి సాహిత్య అకాడమీ వేయించిన జాతీయ గ్రంథసూచి నాలుగో సంపుటంలో తెలుగు ఉంది. ఈ రెండింటికంటే నాకు విలువైనదిగా తోచేది 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం కింద ప్రభుత్వం మూడు నెలలకోసారి అచ్చువేసిన జాబితాలు. ఆ చట్టం 18వ సెక్షన్ పుస్తకం పేరు, భాష, రచయిత, విషయంతో ఆగలేదు. ముద్రించిన చోటు, ప్రచురించిన చోటు, ముద్రాపకుడు, వెలువడిన తేదీ, పుటలు, సైజు, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు, అచ్చా శిలాముద్రణా, ధర, చివరికి హక్కుదారు పేరు, నివాసం కూడా రాయమంది. హక్కుదారు నివాసం అనే గడి ఒక్కటే చాలు, ఇద్దరు అప్పారావులను విడదీయడానికి. ఈనాటి ఏ కాటలాగు రికార్డులోనూ ప్రతుల సంఖ్య రాయడం ఆనవాయితీ కాదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2023 చట్టం పత్రికలకే పరిమితమై పుస్తకాలను వదిలేసింది. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం కింద కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ప్రతులు పంపడం ఒక్కటే ఇక మిగిలిన దారి.

లిపి సంగతి కొంత క్లుప్తంగా. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం తెరిచి భారతీయ భాషల పుస్తకాలు సేకరించసాగింది. ఆ తెలుగు పుస్తకాల వివరాలు రోమన్ లిపిలో, అక్షరాల పైన గీతలతో, కింద చుక్కలతో చేరాయి. కంప్యూటర్ రికార్డులకు వాడిన మార్క్ పద్ధతి తొలి అక్షర సముదాయంలో తెలుగు లేదు. యూనికోడ్ వచ్చాకే 880 అనే క్షేత్రంలో తెలుగు రూపాన్ని జతచేసే వీలు కలిగింది. అంటే లిప్యంతర పట్టిక ప్రకారం ‘నూజివీడు’ అని ఎక్కిన రికార్డు, ‘నూజ్‌విద్’ అనే ప్రభుత్వ స్పెల్లింగుతో వెతికేవాడికి దొరకదు, ఎవరైనా రెండింటినీ కలిపి ఉంటే తప్ప. మన దగ్గర కోహా, ఈ-గ్రంథాలయ వంటి సాఫ్ట్‌వేర్లలో తెలుగు నేరుగా టైపు చేయవచ్చు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఎక్కించిన పాత జాబితాలను మార్చకుండా అందులో పోస్తే మాత్రం వచ్చేవి అక్షరాలు కావు, చెత్త.

వీటన్నిటినీ బట్టి చూస్తే నూజివీడు, ఆగిరిపల్లి పుస్తకాల విషయంలో వర్గ సంఖ్య కన్నా పేర్ల ప్రామాణిక పట్టిక మీద సమయం పెట్టడమే లాభమనిపిస్తుంది. తెలుగు శీర్షికలో పేజీ మీద ఉన్న వరసనే, ఇంటిపేరు ముందుగా ఉంచడం నాకు సమ్మతం. మార్క్ ప్రామాణిక రికార్డులో 100 కింద ‘మేకా శోభనాద్రి అప్పారావు’ అని పెట్టి, 400 కింద ‘అప్పారావు, శోభనాద్రి’, రోమన్ రూపం, కోర్టు నివేదికల స్పెల్లింగు, ‘నూజివీడు జమీందారు’ అన్నీ చేర్చవచ్చు. ఆధారం ఎక్కడ చూశామో 670లో రాయాలి. జమీందారీ కుటుంబాల్లో తాత పేరు మనవడికి పెట్టడం మామూలు కాబట్టి, ఒక్క కోర్టు నివేదికను నమ్ముకుని ఆ శోభనాద్రి ఏ తరం వాడో తేల్చడం తొందరపాటు అవుతుంది. పుట్టిన సంవత్సరం దొరకనప్పుడు ఏ కాలంలో ఉన్నాడో, ఏ హోదాలో ఉన్నాడో చేర్చడానికి ఆర్‌డీఏ ఒప్పుకుంటుంది. అంతవరకూ రాసి, 008 క్షేత్రంలో 33వ స్థానంలో ‘సి’ వేయాలి. దాని అర్థం తాత్కాలికమని. రెండో ఆధారం దొరికిన రోజున దాన్ని ‘ఎ’గా మార్చుకోవచ్చు.