గింజ ఎవరిది, జాబితా ఎవరిది? జహీరాబాద్ జొన్న నిధి వెలుగులో ఆహార బ్యాంకుల విమర్శ

ఆహార బ్యాంకుల మీద మనవాళ్ల రాతల్లో జహీరాబాద్ మహిళా సంఘాల జొన్న నిధి ఊసు దాదాపు కనిపించదు. ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ 1967లో నెలకొల్పిన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంకు దగ్గర మొదలుపెట్టడం, దుకాణాల్లో మిగిలిపోయిన సరుకు పేదలకు చేరే తీరును వర్ణించడం, చివరికి మెచ్చుకోవడమో కొట్టిపారేయడమో రివాజైపోయింది. కొట్టిపారేసేవారికి పెద్ద దిక్కు జానెట్ పాపెండీక్. ఆమె 1998లో ప్రచురించిన ‘స్వీట్ చారిటీ?’ వాదన ప్రసిద్ధమే: దానంగా పంచే తిండి ఇచ్చేవారి మనస్సాక్షిని ఊరడిస్తుంది, ప్రభుత్వం మీద ఒత్తిడిని సడలిస్తుంది, హక్కుగా అందవలసిన దాన్ని దయగా మారుస్తుంది. అమెరికా మటుకు ఈ వాదనతో పేచీ లేదు. ఊరుమ్మడి గింజల నిధులన్నిటినీ ఇదే తూకపు రాయితో తూచడంతోనే పేచీ. ఆహార బ్యాంకు ఆకలిగొన్న కుటుంబాన్ని నిలబెడుతుందా లేదా అన్నది దాని గోదాము పరిమాణాన్ని బట్టి తేలదు. ఆ గింజ ఎవరు పండించారు, పేదల జాబితా ఎవరు రాశారు అన్న రెండు ప్రశ్నలను బట్టి తేలుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

పాపెండీక్ దాన వ్యవస్థలో ఏడు లోపాలు ఎంచింది: చాలకపోవడం, అవసరానికి పొసగకపోవడం, పోషకాలు కొరవడటం, నిలకడ లేకపోవడం, అందుబాటులో లేకపోవడం, వృథా, అవమానం. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, అందులోనూ ప్రధానంగా దళిత స్త్రీలు, 1990ల నడిమి కాలంలో నడిపిన ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీని ఈ ఏడు లోపాల ముందు నిలబెట్టి చూడాలి. అప్పటికి ఆ ఊళ్లలో చిన్న రైతుల భూములు, భూపంపిణీలో దక్కిన గుట్టబోరు చెలకలు ఎన్నో పడావు పడి ఉన్నాయి. దున్నే ఎద్దు లేదు, తోలే పెంట లేదు, విత్తనం కొనే చేయి లేదు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఇచ్చిన సొమ్ముతో ముప్పై పైచిలుకు గ్రామాల సంఘాలు అలాంటి భూములను రెండున్నర వేల ఎకరాలకు పైగా సాగులోకి తెచ్చాయి. దున్నకానికి, పెంటకు, విత్తనానికి, కలుపుకు విడతలవారీగా అప్పు ఇచ్చారు. రైతు దాన్ని డబ్బుగా కట్టనక్కర్లేదు. కొన్నేళ్లపాటు జొన్నలుగా సంఘానికి కొలిచి ఇస్తే చాలు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉంటాయి. కరువు నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు అమ్ముతారు. వచ్చిన డబ్బు బ్యాంకులో నిధిగా జమ అవుతుంది, దాని వడ్డీతో మరికొన్ని పడావు భూములు నాగలికి వస్తాయి.

ఈ చక్రంలో దాత ఎక్కడ ఉన్నాడు? మొదటి పెట్టుబడి బయటిదే, కాని గింజ బయటిది కాదు. అమర్త్య సేన్ 1981లో ఆకలిని తిండి కొరతగా కాక తిండి మీద అధికారం కోల్పోవడంగా వివరించాడు. పండించుకోవడం, కూలి చేయడం, కొనుక్కోవడం ఆ అధికారానికి ముఖ్యమైన దారులు. జొన్న నిధి మూడింటినీ ఒకేసారి తెరిచింది. భూమి ఉన్న ఇంటికి పంట వచ్చింది. భూమి లేని ఇంటికి ఆ చేలోనే కలుపు, కోత కూలి దొరికింది. ఆ కూలి డబ్బుతో అదే చేని జొన్న చౌకగా కొనుక్కునే వీలు కలిగింది. పశువులకు చొప్ప అదనం. కంది, పెసర, అనుములు కలిపి వేసే చేలలో పప్పు కూడా ఇంటికి చేరుతుంది. ఎవరూ విత్తకుండానే మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, గునుగు కలుపు తీసే ఆడవాళ్ల ఒడిలో పడతాయి. పోషకాల కొరత అన్న పాపెండీక్ ఆరోపణ డబ్బాల్లో వచ్చే తిండికి సరిపోతుంది. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు ఉంటే, మరపట్టిన బియ్యంలో 7, 8 గ్రాములే ఉంటాయి. ఆ లెక్కన సంఘం ఇచ్చిన గింజే చౌకదుకాణం గింజకన్నా ఇంటికి మేలు చేసింది.

ఇంతకన్నా విలువైన సాక్ష్యం జాబితాది. ఏ ఇల్లు పేదదో తేల్చడానికి సంఘాలు కాగితాలు అడగలేదు. ఊరి జనం కూర్చుని నేల మీద రంగుపొడులతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ గుర్తించి, ఒక్కో ఇంటి పేదరికం ఏపాటిదో అందరి ముందే తేల్చారు. అట్టడుగున ఉన్న ఇంటికి ఎక్కువ గింజ, కాస్త మెరుగైన ఇంటికి తక్కువ. దీన్ని తెలంగాణ రేషన్ కార్డు పద్ధతితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. గ్రామంలో ఏడాది ఆదాయం లక్షన్నర లోపు, భూమి మాగాణి అయితే మూడున్నర ఎకరాలు, మెట్ట అయితే ఏడున్నర ఎకరాల లోపు ఉండాలన్నది సర్కారు గీత. గీతకు ఇవతల ఉన్నవాడు పేద, అవతల ఉన్నవాడు కాదు. అంత్యోదయ కార్డును పక్కన పెడితే, గీత లోపల ఉన్నవారంతా తలకు ఇన్ని కిలోల లెక్కన సమానమే. రాళ్ల చెలక నాలుగెకరాలు ఉండి గింజ రాలని ఇల్లు, అదే నాలుగెకరాలకు బోరు ఆధారం ఉన్న ఇల్లు మెట్ట లెక్కలో ఒక్కటే అవుతాయి. ఏ ఇంటి మగవాడు జీతానికి కుదిరాడో, ఏ ముసలమ్మను కొడుకులు వేరు పెట్టారో, ఎవరికి పోయినేడు గొడ్డు చచ్చిందో పొరుగింటి ఆడవాళ్లకు తెలిసినట్టు మండల కార్యాలయానికి తెలియదు. పాపెండీక్ చెప్పిన అవమానం పుట్టేది ముక్కూమొహం తెలియని గుమస్తా ముందు తన లేమిని రుజువు చేసుకోవలసి వచ్చినప్పుడు. ఇక్కడ రుజువు చేసుకునే అవసరమే రాలేదు.

కాలం సంగతి కూడా ఈ విమర్శకుల లెక్కలో సరిగా పడలేదు. మెట్ట ప్రాంతపు ఆకలి ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. యాసంగి జొన్న మాఘ ఫాల్గుణాల్లో ఇల్లు చేరుతుంది. ఆషాఢం వచ్చేసరికి గుమ్మి అడుగు కనిపిస్తుంది. ఒకవైపు విత్తనం ఖర్చు, ఇంకోవైపు ఖాళీ కుండ. సరిగ్గా ఆ రెండు మూడు నెలల్లోనే పేదరైతు ఆసామి దగ్గర నాగుకు గింజలు తెచ్చి, పంట చేతికొచ్చాక ఒకటికి ఒకటిన్నర కొలిచేవాడు. తినేందుకు తెచ్చిన కుంచెడు గింజ పైయేటి పంటను ముందే తినేస్తుంది. జొన్న నిధి గింజను సరిగ్గా ఆ నెలల్లోనే బయటికి తీసింది. సంఘం గాదె తెరిచి ఉన్న ఊళ్లో ఆసామి గాదె ముందు నిలబడవలసిన పని తగ్గుతుంది. అలాంటప్పుడు ఊరుమ్మడి నిధి ఆకలిని తీర్చడంతో ఆగదు, ఆకలి మీద బతికే వడ్డీ వ్యాపారపు వేళ్లు కూడా కోస్తుంది.

కేంద్ర ప్రభుత్వానికి ఈ కిటుకు సగమే పట్టుబడింది. 1996-97లో గిరిజన వ్యవహారాల పద్దు కింద మొదలై, 2004లో ఆహార శాఖ చేతికి వచ్చిన గ్రామ ధాన్య బ్యాంకుల పథకం ముప్పై నలభై పేద కుటుంబాలకు ఒక బ్యాంకు, కుటుంబానికి ఒక క్వింటాలు చొప్పున సర్కారు ధాన్యం ఇచ్చి, అప్పుగా వాడుకుని తిరిగి నింపమంది. తిరిగి నింపడానికి కావలసిన చేను మాత్రం పథకంలో లేదు. పండని ఇంటికి గింజ అప్పిచ్చి, పండినట్టే తిరిగి కొలవమంటే ఆ బ్యాంకు ఎన్నాళ్లు నిలుస్తుంది? పాపెండీక్ చెప్పే నిలకడలేమికి మూలం సమాజం నడపడంలో లేదు, పొలంతో తెగిన బంధంలో ఉంది.

రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. ముప్పై ఊళ్ల ప్రయోగం దేశపు ఆకలికి ఏ మూలకన్నది మొదటిది. మొత్తం దేశానికి గింజ సమకూర్చాలని ఏ ఊరూ పూనుకోలేదు, ప్రతి ఊరూ తన మటుకు సమకూర్చుకుంటే సరిపోతుంది. ఊరి పెత్తనం, కులం ఉన్నచోట ఊరి జాబితా పెద్దల జాబితాగా మారదా అన్నది రెండోది. జహీరాబాద్‌లో పగ్గాలు దళిత స్త్రీల సంఘాల చేతిలో ఉన్నాయి కాబట్టే ఆ ప్రమాదం తప్పింది. అందుకే జాబితా ఊరికి ఇవ్వాలన్న మాటకన్నా, ఊళ్లో అట్టడుగున ఉన్న ఆడవాళ్ల చేతికి ఇవ్వాలన్నదే సరైన మాట. ఇక కొత్త తరం జొన్నరొట్టె కన్నా బియ్యాన్నే కోరుతోందన్నది నిజమే, కాని నాలుగు దశాబ్దాల చౌక బియ్యం మప్పిన అలవాటును జనం ఇష్టం అనడం పొరపాటు.

1983లో రెండు రూపాయల బియ్యంతో మొదలై 2025 ఉగాదికి తలకు ఆరు కిలోల సన్నబియ్యం దాకా వచ్చిన మన చౌకదుకాణం పొట్ట నింపింది, కాదనలేం. పేదను మాత్రం వరుసలో నిలబడే లబ్ధిదారుగానే ఉంచింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమల సరసన చిరుధాన్యాలను కూడా చేర్చింది. చౌకదుకాణాల నిర్వహణలో పంచాయతీలకు, స్వయం సహాయక బృందాలకు ప్రాధాన్యం ఇవ్వాలని, స్త్రీలకు లేదా వారి సంఘాలకు అప్పగించాలని అదే చట్టం చెబుతోంది. కొత్త చట్టం అక్కర్లేదు. మెట్ట మండలాల్లో రేషన్ జాబితా రాసే పని, గింజ కొనే పని, పంచే పని మూడూ మహిళా సంఘాలకు అప్పజెప్పాలి. ఊరి గింజతో ఊరి ఆకలి తీర్చడం సాధ్యమని జహీరాబాద్ ఆడవాళ్లు దాదాపు మూడు దశాబ్దాల కిందటే రుజువు చేశారు. ఇక రుజువు చేసుకోవలసింది ప్రభుత్వమే.