రైల్వే సంఘము నుండి రాష్ట్రపతి భవనమునకు: వరాహగిరి వేంకటగిరి

స్వతంత్ర భారతమునకు రాష్ట్రపతులైన తెలుగువారు మువ్వురు. తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తత్త్వశాస్త్ర మార్గమున ఆ పీఠము నధిష్ఠించిరి. ఇల్లూరున పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు పార్టీ రాజకీయముల మెట్లెక్కి అచటికి చేరిరి. వీరిరువురి నడుమ, 1969 నుండి 1974 వరకు, ఆ పదవి నలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారు నడచిన త్రోవ వేరు. అది రైల్వే వర్కుషాపుల మీదుగా, సమ్మె సభల మీదుగా వచ్చిన త్రోవ. జీతము, భత్యము, ట్రిబ్యునలు, అవార్డు అను మాటలు నిత్యము చెవిని పడు మనబోటి ప్రభుత్వోద్యోగులకు మువ్వురిలోను మిక్కిలి దగ్గరివారు గిరిగారే యని నా యభిప్రాయము.

ఆయన 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. అప్పటికి బరంపురము మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చెందినది. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా అందు చేరినది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుగన్న న్యాయవాది, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మగారును జాతీయోద్యమమున పాల్గొన్నవారే.

బారిష్టరు చదువు అనగానే ఆ కాలమున మనవారికి లండను స్ఫురించెడిది. గిరిగారు మాత్రము 1913లో ఐర్లండు రాజధాని డబ్లినుకు పోయిరి. ఆ పయనమే ఆయన జీవితమును మలచినది. ఆ యేడే డబ్లినులో యజమానులు లాకౌటు ప్రకటింపగా ఇంచుమించు 20,000 మంది కార్మికులు నెలల తరబడి కూలి లేక పస్తులుండిరి. వారి నాయకులు జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ అనువారు. 1916 ఏప్రిలున ఈస్టరు పండుగనాళ్ల తిరుగుబాటు చెలరేగెను. గాయపడి నిలువలేకున్న కానలీని బ్రిటిషువారు కుర్చీకి కట్టి కాల్చి చంపిరి. గిరిగారు చదివిన యూనివర్సిటీ కాలేజీలోనే సాహిత్య బోధకుడైన థామస్ మెక్‌డొనా అను కవికిని అదే గతి పట్టెను. సిన్‌ఫేను వాదులతో సంబంధములున్నవను కారణమున గిరిగారు ఐర్లండు విడువవలసి వచ్చెను. చట్టము చదువబోయిన యువకుడు కార్మికుని బలమెట్టిదో, సంఘము లేనిచో వాని గతి యేమగునో కన్నులార చూచి మరలి వచ్చెను.

స్వదేశమున కొంతకాలము వకీలు వృత్తి చేసి, సహాయనిరాకరణోద్యమము నాటికి దానిని వదలుకొనిరి. తరువాత ఆయన దృష్టి బెంగాలు నాగపూరు రైల్వే వైపు మరలెను. వాల్తేరు నుండి కలకత్తా వరకు సాగిన ఆ మార్గమున, ముఖ్యముగా ఖరగ్‌పూరు వర్కుషాపున, పనిచేయువారిలో తెలుగువారు వేలకొలది యుండిరి. ఉద్యోగుల తొలగింపుపై 1927-28 సంవత్సరములలో అచట సాగిన పోరాటమునకు గిరిగారు నాయకత్వము వహించిరి. అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్య స్థాపకులలో ఆయన యొకరు. ఇంచుమించు పదేండ్లు దాని ప్రధాన కార్యదర్శి. ట్రేడు యూనియను కాంగ్రెసుకు 1926లోను, మరల 1942లోను అధ్యక్షులైరి. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకును, 1931లో లండనున జరిగిన రెండవ రౌండుటేబులు సమావేశమునకును కార్మికుల పక్షమున వెళ్లిరి.

1937 ఎన్నికలలో ఆయన బొబ్బిలిలో నిలిచి, అంతవరకు మద్రాసు రాజధానికి ప్రధానిగానుండిన బొబ్బిలి రాజావారినే ఓడించిరి. రాజావారిని రాజావారి యూరనే కార్మిక నాయకుడు గెలుచుట ఆనాడు తెలుగుదేశమంతట గొప్ప ముచ్చట. రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలు గిరిగారికి లభించెను. క్విట్టిండియా నాటి చెరసాల, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున మరల పదవి, 1947 నుండి సింహళమున హైకమిషనరు ఉద్యోగము వరుసగా నడచినవి.

1952లో పాతపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రి యైరి. కార్మిక వివాదములు కోర్టు మెట్లెక్కరాదనియు, యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుండి బేరమాడి తెగవేసికొనవలె ననియు ఆయన సిద్ధాంతము. తీర్పు ఒకరిని గెలిపించి వేరొకరిని ఓడించును గాని మైత్రి కలిగింపజాలదని ఆయన నమ్మకము. దీనికి ‘గిరి పద్ధతి’ యని పేరు వచ్చెను. బలహీనమైన సంఘములకు ట్రిబ్యునలే దిక్కని వాదించినవారును ఆనాడు కలరు. ఆ వాదమున కొంత నిజము లేకపోలేదు.

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల వ్యవహారము వచ్చెను. వారి జీతభత్యములపై కార్మిక అప్పిలేటు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును 1954లో ప్రభుత్వము సవరించి, కొన్ని లాభములను తగ్గించెను. తీర్పుల పద్ధతినే అంతగా మెచ్చని మంత్రి, వచ్చిన తీర్పును ప్రభుత్వమే త్రోసిపుచ్చుట న్యాయము కాదని ఆ ఆగస్టులో రాజీనామా చేసిరి. నెహ్రూగారి మంత్రివర్గమున నుండి గుమాస్తాల జీతముల కొరకై లేచిపోయిన మంత్రిని తలచుకొన్నపుడు, ఆ తరము ఉద్యోగుల మనసులందు ఆయనకు దక్కిన చోటు తెలియును.

1957లో పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గమున ఆయన ఓడిరి. షెడ్యూల్డు తెగకు చెందిన డిప్పల సూరిదొరగారు సాధారణ స్థానమును గెలుచుట చెల్లదని వేసిన వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయి, 1959లో అచటను వీగిపోయెను. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగా పదేండ్లు గడచినవి. 1967 మేలో ఉపరాష్ట్రపతి యైరి.

1969 మే 3వ తేదీన జాకిర్ హుస్సేన్‌గారు పరమపదింపగా గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి యైరి. కాంగ్రెసు సంఘము అభ్యర్థిగా సంజీవరెడ్డిగారిని నిలిపెను. గిరిగారు స్వతంత్రులుగా పోటీకి దిగ నిశ్చయించి, జూలై 20న పదవికి రాజీనామా ఇచ్చిరి. రాష్ట్రపతి బాధ్యతలు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారికి సంక్రమించెను. రాజీనామాకు ముందునాడు, జూలై 19న, గిరిగారు చేసిన సంతకము మరువరానిది: 14 పెద్ద బ్యాంకులను జాతీయము చేసిన ఆర్డినెన్సు మీది సంతకమది. బ్యాంకు ఉద్యోగుల పేర మంత్రిపదవి విడిచిన పదునైదేండ్లకు, ఆ బ్యాంకులను ప్రభుత్వపరము చేసిన కలము ఆయన చేతనే యుండెను.

ఇందిరాగాంధీగారు అంతరాత్మ ననుసరించి ఓటు వేయుడనగా కాంగ్రెసు రెండుగా చీలనారంభించెను. ముఖ్యులైన పోటీదారులలో మూడవవారు సి.డి. దేశ్‌ముఖ్‌గారు. ఆగస్టు 20న లెక్క తేలినపుడు మొదటి ప్రాధాన్యమున గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548 విలువగల ఓట్లు వచ్చెను. గెలుపునకు వలసిన 4,18,169 ఎవరికిని రాలేదు. రెండవ ప్రాధాన్యములు కలుపగా గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 అయ్యెను. రెండవ ప్రాధాన్యముల చేత తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదియే. ఇద్దరును తెలుగువారగుటచే మనవారికి ఎవరి గెలుపునకు సంతసింపవలెనో, ఎవరి యోటమికి చింతింపవలెనో తెలియని చిత్రమైన సన్నివేశము! ఎన్నిక చెల్లదని వ్యాజ్యము రాగా, పదవిలోనున్న రాష్ట్రపతియై యుండియు ఆయన 1970లో స్వయముగ సాక్ష్యమిచ్చిరి. వ్యాజ్యము కొట్టివేయబడెను.

రాష్ట్రపతిగా ఆయన ప్రధానమంత్రి పంపిన కాగితములన్నిటిపై సంతకము చేసిరను విమర్శ గలదు. 1970లో సంస్థానాధీశుల గుర్తింపు రద్దు చేసిన ఉత్తరువును సుప్రీంకోర్టు కొట్టివేసినపుడు ఆ విమర్శ బలపడెను. విమర్శ నిరాధారము కాదు. అయినను అంతకన్న కఠినమైన పరీక్ష 1974 మేలో వచ్చెను. తాను పెంచిన రైల్వేమెన్ సమాఖ్య, జార్జి ఫెర్నాండెజ్ అధ్యక్షతన, మే 8న సమ్మె ప్రారంభించెను. వేలకొలది కార్మికులను నిర్బంధించి, ఉద్యోగముల నుండి తొలగించి, ఇరువది దినములకు ప్రభుత్వము దానిని అణచెను. ఆ ప్రభుత్వపు అధినేత పేరు వి.వి. గిరి. రాష్ట్రపతి మంత్రివర్గ సలహా మేరకు నడచువాడేయని రాజ్యాంగము చెప్పును. 1954లో కార్మికమంత్రికి లేచిపోవు త్రోవ యుండెను. 1974లో రాష్ట్రపతికి ఆ త్రోవ అంత సులభము కాదు. ఖరగ్‌పూరు నెరిగిన ముసలి రైల్వే ఉద్యోగులకు ఈ సమాధానము తృప్తి కలిగించి యుండునని నేననుకొనను.

ఆ ఆగస్టు 24తో ఆయన పదవీకాలము ముగిసెను. 1975లో భారతరత్న బిరుదము లభించెను. 1980 జూన్ 24న మద్రాసున కన్నుమూసిరి. ఆయన పదవి వీడిన 1974లోనే కేంద్ర కార్మికశాఖ ఆశ్రయమున జాతీయ కార్మిక సంస్థ వెలసెను. 1995లో దానికి ఆయన పేరు పెట్టిరి. కార్మిక సమస్యలపై పరిశోధన, శిక్షణ జరుపు ఆ సంస్థ మనకు కూతవేటు దూరమున, నోయిడా 24వ సెక్టారున నున్నది.