కంచె మీద నీలం

తెల్లారింది. చెప్పులేసుకుని కంచె దగ్గరికి రండి. రాత్రి వాన పడింది, జాగ్రత్త, జారుతుంది. కంప కనిపించకుండా శంఖుపూల తీగ అల్లేసింది. ఎటు చూసినా ముదురు నీలం. రోజూ శివుడి పటానికి వెళ్లే పూలే. ఇవాళ సగం వంటింటికి.

మేనకోడలు గిన్నె పట్టుకుని పక్కనే నిలబడింది. మీరు పువ్వు గిల్లి, అడుగున ఉన్న పచ్చ ముచ్చిక తీసి, చీమలు దులిపి గిన్నెలో వేస్తున్నారు.

"అత్తా, చిక్కుడుకాయలు!"

కావు, ఈ తీగ కాయలే. ఇదీ చిక్కుడు జాతిదే మరి. కానీ గింజలు తింటే విరేచనాలు పట్టుకుంటాయి. నాటువైద్యంలో వాడేదే అందుకు. వద్దంటారు. పిల్ల కంచె అవతలి కొసకు నడుస్తుంది.

అక్కడ ఆకు వేరు. శంఖుపువ్వు ఆకుకు ఐదో ఏడో రెబ్బలు. ఇక్కడ చింతాకులా బారులు తీరి ఉన్నాయి. ఎండి విచ్చుకున్న కాయ. లోపల ఎర్రటి గింజలు. నల్లటి మచ్చ.

గురివింద.

పిల్ల గుప్పిట మూసి ఉంది.

"చెయ్యి చూపించు తల్లీ."

నవ్వుతుంది. గుప్పిట నోటి దాకా వెళ్తుంది.

పట్టుకోండి. వేళ్లు విప్పండి. రెండు గింజలు. నోరు తెరిపించండి. నాలుక కింద చూడండి. బుగ్గల్లో. ఏమీ లేదు.

పెంకు గట్టిది. నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. ఆ ధీమాతో కూర్చోకండి. నమిలితే అబ్రిన్ అనే విషం ప్రాణం తీయగలదు. మింగిందని అనుమానం వచ్చినా ఆసుపత్రికే పరుగు. ఈ తీగను మాత్రం ఈ పూటే పీకించాలి.

చేతులు కడిగించి లోపలికి తీసుకెళ్లండి. మరిగిన నీళ్లలో పది పూలు వెయ్యండి. నిమిషాల్లో నీళ్లు నీలం. రుచా? నన్నడిగితే పచ్చి ఆకు వాసన తప్ప పెద్దగా ఏమీ ఉండదు. థాయిలాండ్‌లో తీపీ నిమ్మరసం కలుపుకుని తాగేస్తారు. మలేషియాలోని కెలంతాన్‌లో ఈ రంగుతో అన్నం వండి నాసి కెరాబు అంటారు. అమెరికా 2021లో ఈ పూల సారాన్ని ఆహారపు రంగుగా ఒప్పుకుంది.

గ్లాసుడు నీళ్లు పక్కకు తీసి, నిమ్మచెక్క పిల్లకివ్వండి. చుక్క పడగానే ఊదా. ఇంకాస్త పిండితే గులాబీ ఛాయ. ఆ నీలానికి పులుపు తగిలితే రంగు మారే గుణం ఉంది.

మిగిలిన నీలం నీళ్లతో అన్నం వండారు. పులిహోర కలపాలనిపిస్తోందా? పసుపు డబ్బా జోలికి పోకండి, రంగు పాడవుతుంది. పోపు వేసి, నిమ్మరసం సగం అన్నానికే పిండండి. పిల్లకు రెండు రంగులూ కావాలట.