అత్యవసర వైద్యుని నిబ్బరం: ఒక వృత్తిగుణం రూపుదిద్దుకున్న తీరు

ప్రాణాపాయంలో ఉన్నవారిని ముందు చూడాలన్న నియమం నేటి క్యాజువాలిటీలో అందరికీ తెలిసినదే అయినా, దాన్ని యుద్ధరంగంలో నిలబెట్టడానికి గట్టి పట్టుదల అవసరమైంది. ఫ్రెంచి సేనలో శస్త్రవైద్యుడైన డొమినిక్ జాన్ లారే 1790లలో, పోరు సాగుతుండగానే క్షతగాత్రులను తరలించే తేలికపాటి గుర్రపు బళ్లను ప్రవేశపెట్టి, హోదాతోనూ పక్షంతోనూ నిమిత్తం లేకుండా గాయం తీవ్రతను బట్టే చికిత్స జరగాలని పట్టుబట్టాడు. తరువాతి కాలంలో ట్రయాజ్ అన్న పేరు పొందిన ఈ వరుస నిర్ణయానికి చేతి నేర్పుతో పాటు ఒత్తిడికి లొంగని మనసు కూడా కావాలి. బిగ్గరగా కేకలు వేస్తున్న రోగికి ఆ క్షణానికి ఊపిరి ఆడుతున్నదని ఆ కేకలే చెబుతాయి. ఒళ్లు చల్లబడి, చెమటలు పట్టి, మాట పెగలక ఓ మూల కూర్చున్న రోగి మాత్రం షాక్‌లో, అంటే అవయవాలకు చాలినంత రక్తం అందని స్థితిలో, ఉండవచ్చు. మొదటి రోగి బంధువులు చెయ్యి పట్టి లాగుతున్నా రెండో రోగి నాడి చూడటానికి కదలగలగడమే ఈ వృత్తికి తగిన స్వభావం.

ఈ గుణానికి వైద్యవిద్యలో గౌరవస్థానం కల్పించినవాడు వైద్యుడు విలియం ఆస్లర్. 1889 మే 1న పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పట్టభద్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగంలో, ఎటువంటి పరిస్థితిలోనూ చలించని నిబ్బరం చాలావరకు పుట్టుకతో వచ్చేదే అయినా అనుభవంతో, వ్యాధుల గురించిన విస్తృత జ్ఞానంతో చాలామందికి అలవడుతుందని ఆయన వివరించాడు. అది గుండెను బండబార్చకూడదని కూడా హెచ్చరించాడు. ఈ హెచ్చరికే ఆ ప్రసంగంలో అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే రోగి బాధ పట్టనివాడు కూడా పైకి ప్రశాంతంగానే కనిపిస్తాడు.

అయినప్పటికీ, ఇరవయ్యో శతాబ్దం సగం గడిచాక కూడా అమెరికా ఆసుపత్రులలో అత్యవసర విభాగం చాలాచోట్ల అనుభవం లేని ఇంటర్న్‌ల మీదనో, వంతు వచ్చింది గనుక అయిష్టంగా హాజరయ్యే ఇతర విభాగాల వైద్యుల మీదనో నడిచేది. 1961లో వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియా ఆసుపత్రిలో జేమ్స్ మిల్స్, ఆయన సహచరులు ముగ్గురు తమ సొంత ప్రాక్టీసు వదులుకొని రాత్రింబవళ్లూ ఆ విభాగాన్నే చూసుకోవడంతో, ఇష్టపడి ఎంచుకునే వృత్తిగా దానికి గుర్తింపు మొదలైంది. 1970లో సిన్సినాటీలో ప్రత్యేక శిక్షణ ఆరంభమైంది. 1979లో దానికి ప్రత్యేక వైద్యశాఖ హోదా లభించింది.

భారతదేశంలో 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ రోగిని ఆసుపత్రికి చేర్చే దశను మార్చింది. 2009లో భారత వైద్య మండలి అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది. అయితే ఇక్కడి క్యాజువాలిటీ వైద్యునికి చికిత్సతో పాటు, ప్రమాదం, దాడి, విషప్రయోగం వంటి కేసులను మెడికో లీగల్ కేసులుగా, అంటే పోలీసు విచారణకు సంబంధించినవిగా, నమోదు చేసే బాధ్యత కూడా ఉన్నందున, రక్తస్రావాన్ని అదుపు చేసిన చేతితోనే గాయం పొడవును, లోతును, అంచుల తీరును న్యాయస్థానంలో నిలబడేలా రాయగల నిదానం అతనికి తప్పనిసరి.