మన ముంగిటి కోటలు

ఈ మధ్య ఫ్రాన్సు దేశం చూచి వచ్చిన మిత్రులొకరు, తాము తీసిన ఛాయాచిత్రాలను మన సంఘ సభ్యులకు ఒక సాయంకాలం చూపించినారు. ప్యారిస్ నగరం మాట అటుంచి, లువార్ నదీతీరపు పల్లెలలో వారం రోజులు తిరిగినారట. ద్రాక్షతోటలు, అడవులు, వాటి నడుమ రాజుల కోటలు. అందులో షాంబోర్ అనే కోటను ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ 1519లో మొదలు పెట్టించినాడు. గదులు 440. చుట్టూ ఉన్న వేటవనానికి 32 కిలోమీటర్ల ప్రహరీగోడ. మేమందరమూ నోరు తెరుచుకొని చూచినాము.

బొమ్మలన్నీ అయిపోయిన తరువాత మాలో పెద్దవారొకరు, "1519 అంటే మనకు కృష్ణదేవరాయల కాలం గదా! నాయనా, పెనుకొండ చూచినావా?" అని అడిగినారు. మిత్రుడు నవ్వి ఊరుకున్నాడు. తీరా విచారిస్తే ఆ గదిలో ఉన్న ఇరవై మందిలో పెనుకొండను చూచినవారు ఇద్దరే! హైదరాబాదు రోడ్డు మీద ఆ కొండ పక్కగా ఎన్నిమార్లు పోయినామో లెక్కలేదు గాని, దిగి చూచిన పాపాన పోలేదు. అందుచేత ఒక ఆదివారం తెల్లవారుజామున పులిహోర, పెరుగన్నం కట్టుకొని, పిల్లాపెద్దలతో ఒక బస్సు మాట్లాడుకొని మారతహళ్ళి నుండి బయలుదేరినాము.

మారతహళ్ళి పేరుకే ఒక కథ ఉన్నది. పక్కనే ఉన్న విమాన కర్మాగారంలో తయారై 1961 జూన్ 17న తొలిసారి ఎగిరిన మారుత్ యుద్ధవిమానం పేరే ఈ ఊరికి వచ్చిందని కొందరంటారు. ఊరి పేరు అంతకంటే పాతదని మరికొందరంటారు. ఏమైనా, మనలో చాలామందిమి ఉద్యోగాల కోసం ఇటీవల వచ్చి చేరినవాళ్ళమే. బస్సులో ఒక పిల్లవాడు ఇదే సంగతి ఎత్తినాడు. బడిలో తోటి పిల్లవాడు, "నువ్వు ఆంధ్రావాడివి గదా, మా ఊరికి ఎందుకు వచ్చినావు?" అన్నాడట. వాడికేమి చెప్పాలో వాళ్ళ నాన్నకు తోచలేదు. మాకూ తోచలేదు. ఆ ప్రశ్న రోజంతా మా వెంటనే వచ్చింది.

హెబ్బాళ మీదుగా బళ్ళారి రోడ్డు పట్టి, దేవనహళ్ళి దాటగానే ఎడమ చేతి వైపు నంది కొండలు కనిపించినవి. 1,478 మీటర్ల ఎత్తున్న ఈ కొండకు బెంగుళూరువాళ్ళందరూ సూర్యోదయం చూడడానికి పోతారు. కాని ఈ కొండల వరుసలో పుట్టే నీటి సంగతి ఎక్కువమంది తలచరు. ఉత్తర పినాకిని, అంటే మన పెన్నానది, ఇక్కడే పుట్టి హిందూపురం, అనంతపురం, కడప సీమలు దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తున్నది. దక్షిణ పినాకిని కూడా ఈ కొండలలోనే పుట్టి బెంగుళూరుకు తూర్పుగా పారుతున్నది. మన బెళ్ళందూరు చెరువు పొంగితే వర్తూరు చెరువులోకి, అక్కడి నుండి ఈ నదిలోకి నీరు పోతుంది. బస్సులో నెల్లూరు కుటుంబాలు నాలుగున్నవి. "అయితే మా ఊరి నీళ్ళూ, ఇక్కడి నీళ్ళూ ఒక కడుపున పుట్టినవేనన్న మాట" అన్నారు ఒక అమ్మగారు. చరిత్ర పుస్తకాలలో ఇంత చక్కని వాక్యం మాకు తారసపడలేదు.

నంది కొండ నీడలోనే ముద్దేనహళ్ళి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. ఇంటిపేరు చూడండి! మోక్షగుండం గిద్దలూరు సమీపంలోని పల్లె. వారి పూర్వులు అక్కడి నుండి మైసూరు సీమకు తరలివచ్చినవారే. చిక్కబళ్ళాపురం దాటి బాగేపల్లి చేరేసరికి టీ కొట్టు దగ్గర మాటలన్నీ తెలుగే. అటు చింతామణి తాలూకాలోని కైవారంలో నారాయణప్ప తాతయ్యగారు తెలుగులోను, కన్నడంలోను తత్త్వాలు చెప్పినారు. ఆ ఊళ్ళో నేటికీ వారిని కన్నడిగులు, తెలుగువారు సమానంగా కొలుస్తారు.

రాష్ట్రపు సరిహద్దు దాటి, కియా కార్ల కర్మాగారం దాటగానే పెనుకొండ. కోట ఉత్తర ద్వారం వద్ద 1354 నాటి శాసనమున్నది. బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడైన వీర విరూపణ్ణకు అప్పగించిన సంగతి, మంత్రి అనంతరసు కోట కట్టించిన సంగతి అందువల్ల తెలుస్తున్నవి. రెండు వందల ఏండ్లు ఇది విజయనగరానికి అండకోట. 1565 జనవరి 23న తళ్ళికోట యుద్ధంలో అళియ రామరాయలు కూలిన తరువాత, తమ్ముడు తిరుమలరాయలు హంపీని విడిచి ఇక్కడికే చేరినాడు. నగరం పోయినా రాజ్యం పోలేదు. భట్టుమూర్తి వసుచరిత్రమును అంకితమిచ్చినది ఈ తిరుమలరాయలకే. పరాజయం వెన్నంటి వచ్చిన రోజులలో అంతటి ప్రౌఢకావ్యాన్ని ఆదరించిన రాజును తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది.

1577లో బిజాపూరు సైన్యం ముట్టడించినప్పుడు ఈ కోటను కాపాడిన జగదేవరాయలకు బారామహలు సీమను బహుమానంగా ఇచ్చినారు. ఆయన రాజధానిగా చేసుకున్నది చన్నపట్టణం. మన పిల్లలకు మైసూరు రోడ్డులో లక్కబొమ్మలు కొనిపెట్టే ఆ చన్నపట్టణమే!

గగన మహలు చిన్న కట్టడమే. కింద తురుష్క పద్ధతి కమానులు, పైన గుడిగోపురం వంటి శిఖరం. గెలిచినవారి శిల్పమూ, ఓడినవారి శిల్పమూ ఒకే గోడలో కలిసిపోయినవి. పక్కపక్కనే రాముని గుడి, శివుని గుడి. కొంత దూరాన పార్శ్వనాథ జినాలయం, బాబయ్య దర్గా. షాంబోర్ వేటవినోదానికి కట్టిన కోట. పెనుకొండ బ్రతుకు కోసం కట్టిన కోట. రెంటికీ పోలిక పెట్టరాదు. అక్కడి రాళ్ళను తుడిచి, సర్ది, దాచుకున్నారు. ఇక్కడి రాళ్ళ మీద ప్రేమికుల పేర్లు మూడు నాలుగు లిపులలో చెక్కి ఉన్నవి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఫ్రాన్సువారి దగ్గర నేర్చుకోవలసింది ఉన్నది.

మధ్యాహ్నం హిందూపురం మీదుగా లేపాక్షి చేరినాము. పెనుకొండలో అధికారులుగా ఉన్న విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు అచ్యుత దేవరాయల కాలంలో, 1530ల దశకంలో, ఈ వీరభద్రాలయాన్ని కట్టించినారు. రాజధనం వాడినాడన్న నింద రాగా విరుపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టినాడని, ఆ ఎర్రని మరకలు ఇవేనని చూపిస్తారు. కథ నిజమో కాదో గాని కల్యాణ మండపం మాత్రం సగంలోనే ఆగిపోయింది. జనమంతా నేలకు ఆనీ ఆనని స్తంభం కింద గుడ్డ దూర్చడానికే మూగుతారు. పైకప్పు మీది చిత్రాలను, ఆనాటి స్త్రీల చీరల అంచులను తల ఎత్తి చూచేవారు తక్కువ. ఊరి మొదట ఉన్న ఏకశిలా నంది దాదాపు 27 అడుగుల పొడవు. ఈ నందితో కూడా ఆలయాన్ని 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చినారు.

ఇక్కడ మాకొక సంగతి తట్టింది. కెంపేగౌడ బెంగుళూరు పేటకు, మట్టికోటకు పునాది వేసినది 1537లో. ఆయన కూడా అచ్యుతరాయల సామంతుడే. అంటే బెంగుళూరు, లేపాక్షి ఒకే దశకంలో, ఒకే ప్రభువు నీడలో లేచినవి! గంగాగౌరీవిలాసము అనే తెలుగు యక్షగానం కెంపేగౌడ పేరు మీదనే ప్రసిద్ధమై ఉన్నది. ఇటు చూస్తే ఆంధ్రదేశంలోని ఈ లేపాక్షిలో శాసనాలు ఎక్కువ భాగం కన్నడంలో ఉన్నవి. మనం ఈ పొద్దు దాటి వచ్చిన గీత ఆనాడు లేదు. ఇదంతా చెప్పి బెంగుళూరు మనదేనని వాదించడం మా ఉద్దేశం కాదు. అట్లా వాదించేవారు ముందుగా ఇరుగుపొరుగుతో నాలుగు కన్నడ మాటలు మాట్లాడడం నేర్చుకోవాలి.

ఉదయం ప్రశ్న వేసిన పిల్లవాడు గోడ మీది శాసనం ముందు నిలబడినాడు. వాడికి బడిలో కన్నడం వచ్చును, తెలుగు చదవడం రాదు. వాళ్ళ తాతగారికి తెలుగు వచ్చును, కన్నడం రాదు. పిల్లవాడు వేలితో చూపిస్తూ ఒక అక్షరం పలికినాడు. తాతగారు కళ్ళద్దాలు సవరించుకొని, "అది మా అక్షరమే గదరా!" అన్నారు. మరొక అక్షరం తాతగారు పలికితే మనుమడు, "తాతయ్యా, ఇది కన్నడమే!" అన్నాడు. అట్లా ఒకరు ఒకటి, ఒకరు ఒకటి కూడబలుక్కుంటూ సగం పంక్తి దాకా పోయినారు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టినాడు. మేమెవ్వరమూ వాళ్ళను పిలవలేదు.