ప్రెస్ కిట్

'కిట్' పుట్టింది మధ్యయుగపు డచ్చి మాట 'కిట్టె' నుంచి. చెక్క తొట్టి అని అర్థం. ఇంగ్లిషులో చేరి 18వ శతాబ్దం చివరికి సిపాయి సామాను మూటైంది. 'ప్రెస్' మనకు అచ్చాఫీసు కూడా. ఇక్కడ మాత్రం పత్రికలవాళ్లు. వాళ్లకిచ్చే ఒకప్పటి కాగితాల ఫోల్డరు ఇప్పుడు గాయకులు పంపే ఒక్క లింకు: చిన్న పరిచయం, ఫొటోలు, పాటలు, కచేరీ వీడియో, ఫోన్ నంబరు.

పరిచయం ఎంత చిన్నగా ఉండొచ్చో చూడండి: కోనసీమ శంకరగుప్తంలో 1930లో పుట్టిన గాయకుడు మంగళంపల్లి మురళీకృష్ణ పేరుకు ముందు 'బాల' చేర్చింది హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్. వయసును ఒక్క మాటలో చెప్పిన పరిచయం అది! పాలకొల్లు, రాజమండ్రి గాయకులకు నా మనవి: బిరుదుల జాబితా తగ్గించండి. వాద్యాలు తక్కువగా, మీ గొంతు స్పష్టంగా వినిపించే పాటను మొదట పెట్టండి.